ఆమెన్ పడిన ఉపన్యాసం

ప్రపంచంలో ఏ దేశమూ అణ్వాయుధాల విషయంలో నన్ను సలహా అడగలేదు. అయినా ఇచ్చాను. అడగకుండా సలహా ఇవ్వడం ఒక తెలివితక్కువ పని. దాన్ని చర్చి మైకులో ఇవ్వడం ఇంకో తెలివితక్కువ పని. ఆ సలహా పాటించి నష్టపోబోయే చిన్న దేశం మా ఇల్లేనని గ్రహించకపోవడం మాత్రం తెలివికి సంబంధించింది కాదు, అదొక కళ. ఆ కళలో మా ఊళ్ళో నాకు పోటీ లేదు.

అమలాపురంలో జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పి రిటైరయ్యాను. సార్వభౌమాధికారం అంటే ఏమిటో ఎంతమంది పిల్లల చేత బట్టీ పట్టించానో లెక్కలేదు. మా ఇంట్లో అది ఎవరి చేతిలో ఉందని అడిగితే మాత్రం మా ఆవిడని కనుక్కుని చెబుతాను. పొలం కూడా ఆవిడ శాఖే. నారు ఎప్పుడు పోయించాలో, ఊడ్పులకి ఎవరిని పిలవాలో, ఏ పురుగుకి ఏ మందో ఆవిడకే తెలుసు. గొడుగు వేసుకుని గట్టు మీద నిలబడటం నా శాఖ.

రాజోలు పక్కన కాలువ ఒడ్డు ఊరు మాది. నాన్నగారి చేను అన్నయ్యకీ నాకూ చాలాకాలం ఉమ్మడిగా ఉండేది. అన్నయ్య మస్కట్‌లో ఉన్నన్నాళ్ళూ మా ఆవిడే మొత్తం సాగు చేయించింది. ఆయన తిరిగొచ్చి చేపల చెరువు తవ్విస్తానన్నాడు. ఈవిడ వరి మానేది లేదంది. నిరుడు వేరుపడ్డాం. చీట్లు వేస్తే మీది చేను మాకూ, కింది చేను అన్నయ్యకీ వచ్చాయి. పెద్ద రాజ్యం నుంచి విడివడ్డ చిన్న దేశంలాగ ఆ ముక్కకి మేమే ప్రజలమూ, మేమే ప్రభుత్వమూ అయ్యాం. జెండా ఒక్కటే తక్కువ.

ఆ రెండు చేలకీ నీళ్ళు వచ్చే దారి ఒకటే. కాలువ తూములోంచి వచ్చిన నీళ్ళు బోదెలో, అంటే పిల్లకాలువలో పడి, మా గట్టు పక్కనుంచి సాగి, అన్నయ్య కింది చేలో తవ్వించిన చెరువులోకి దిగుతాయి. మా చేను మొదట్లో బోదెకి అటూ ఇటూ నాన్నగారు సిమెంటు కట్టించి గాడి పెట్టించారు. ఆ గాడిలో ఇనప పలక దించితే నీళ్ళు ఎదురుతన్ని మా చేలోకి ఎక్కుతాయి. పలక తీసేస్తే నేరుగా కిందికి పోతాయి. అంతే యంత్రం. వానాకాలం సార్వాలో ఆ పలక మొహం ఎవరూ చూడరు. రెండో పంట దాళ్వాలో ఎండలు ముదిరి, కాలువకి వంతులవారీగా నీళ్ళు వదలడం మొదలుపెట్టారంటే, పలక ఎవరింట్లో ఉంటే మొదటి తడి వాళ్ళది. పలక లేకపోతే మట్టి వేసి అడ్డు కట్టుకోవచ్చు కదా అంటారేమో. మావైపు పలకతో కడితే హక్కు, మట్టితో కడితే దొంగతనం. పంపకాలనాడు పెద్దమనుషులు ‘పలక తమ్ముడిది’ అని తేల్చారు. ఆ తుప్పు పట్టిన రేకు మా మంచం కింద ఉండేది. మా దేశానికి ఉన్న ఆయుధాగారం అంతా అదే.

నీరే ఆయుధమైన చోట నిరాయుధీకరణ గురించి మాట్లాడేవాడు ఒకసారి మంచం కింద చూసుకుని మరీ మాట్లాడాలి. నేను చూసుకోలేదు.

మా చర్చి సంఘం యువజనుల వార్షికోత్సవానికి పిల్లలు నా దగ్గరికి వచ్చి, “చర్చావేదిక పెడదామనుకుంటున్నామండి. సెల్‌ఫోను మేలా, కీడా అని” అన్నారు. నేను నవ్వాను. రిటైరైన లెక్చరరు నవ్వితే అందులో ఉపన్యాసం ఉందన్నమాట. చర్చిలో చర్చ అంటే కాస్త స్థాయి ఉండాలన్నాను. ‘కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన చిన్న దేశం అణ్వాయుధాలను వదులుకోవాలా’ అని అంశం నేనే రాసిచ్చాను. వదులుకోవాలి అనే వైపు నేనే మాట్లాడతానన్నాను. అటువైపు మాట్లాడటానికి అన్నయ్య కూతురు ఒప్పుకుంది. ఆ పిల్ల పొలిటికల్ సైన్సులో ఎం.ఏ. చేసి గ్రూప్స్‌కి చదువుతోంది. ఇంటర్లో నా శిష్యురాలే. నాకు తెలిసిందంతా దానికి నేర్పాను. ఆ తరవాత అది చదువు మానలేదు, నేను మానేశాను. తేడా అక్కడ వచ్చింది.

సభ బయట పందిట్లో జరగాల్సింది. సరిగ్గా మొదలుపెట్టబోతుంటే కరెంటు పోయింది. చర్చిలో ఒక్కచోటే ఇన్వర్టరు ఉంది, అది పుల్‌పిట్ మైకుకి. జనమంతా లోపలికి వచ్చి కూర్చున్నారు. నేను పాస్టరు అయ్యగారి పక్కన, ఆదివారం వాక్యం చెప్పే చోట నిలబడ్డాను. ఆ ఒక్క మార్పు చాలు మా కొంప ముంచడానికి. కానీ అప్పటికి నేను మెట్టెక్కిన గొప్పలో ఉన్నాను.

బాగానే మాట్లాడాననుకుంటాను. చిన్న దేశం తను తయారు చెయ్యని బాంబుకి వారసుడవుతుంది. కాపలా కాయడానికే సగం ఆస్తి ఊడ్చుకుపోతుంది. బాంబు ఉన్న చోటుకే పక్కవాడి బాంబు గురిపెట్టి ఉంటుంది. కజకిస్తాన్ ఎందుకు వదులుకుంది? సోవియట్ల అణుపరీక్షలు జరిగింది వాళ్ళ నేల మీదే కాబట్టి. గాలి ఎటు వీస్తే అటు ఊళ్ళు పాడైన సంగతి పుస్తకం చదివి కాదు, ఒళ్ళు పాడై తెలుసుకున్నారు. చివర్లో నాకు సొంతమైన పద్ధతిలో, “చిన్న దేశానికి కావలసింది అణుబాంబు కాదండీ, అణకువ” అన్నాను. చప్పట్లు కొట్టారు.

మా అమ్మాయి లేచింది. అన్నయ్య కూతుర్ని నేను అలాగే అంటాను. “బాబాయ్ గారు అణకువ అన్నారండి. అణిగి ఉన్నవాణ్ణి అణగదొక్కడం తేలికండి” అంది. ఆ చప్పట్లు నా చప్పట్ల కంటే ఎక్కువసేపు మోగాయి. “ఉక్రెయిన్ వదిలేసిందండి. పెద్ద పెద్ద దేశాలు హామీ ఇచ్చేయండి, నీ సరిహద్దులు మేం గౌరవిస్తామని. ఆ హామీ ఇచ్చినవాళ్ళలో ఒకరే దండెత్తి వచ్చేరండి. మిగతావాళ్ళు అయ్యో అన్నారు. అయ్యో అనడానికి ఒప్పందం ఎందుకండీ, మా పక్కింటి మామ్మగారు ఊరికే అంటారు.”

నేను మళ్ళీ లేచాను. ఆ బాంబుల తాళాలు అసలు ఆ దేశం చేతిలో లేవనీ, పేలని తుపాకీ చూసి దొంగ భయపడడు గానీ పోలీసు భయపడతాడనీ చెప్పాను. అది మంచి వాదన. ఇప్పటికీ మంచిదనే అనుకుంటున్నాను. అక్కడితో ఆపాల్సింది. కానీ జనం మొహాల్లో అమ్మాయి మాటే మెరుస్తోంది. అది చూసి గొంతు తగ్గించి, నెమ్మదిగా, ప్రార్థనలా అన్నాను: “భయం పోవాలంటే ఎవరో ఒకరు ముందు చెయ్యి చాపాలి. చేతిలో ఉన్నది పక్కవాడి చేతిలో పెట్టాలి. నేనైతే అదే చేస్తాను.”

అయ్యగారు అప్పటికి కళ్ళు మూసుకుని ఉన్నారు. ధ్యానమో కునుకో దేవుడికే తెలియాలి. గొంతు తగ్గి, మాట ఆగి, నిశ్శబ్దం రాగానే ఆయన అలవాటు కొద్దీ “ఆమెన్” అన్నారు. సంఘమంతా “ఆమెన్” అంది. మా ఆవిడ కూడా అంది పాపం, పక్కావిడతో పాటు.

బయటివాళ్ళకి ఇందులో ప్రమాదం కనిపించదు. మా సంఘంలో పుల్‌పిట్ దగ్గర నిలబడి ‘నేను ఫలానాది చేస్తాను’ అని, దానిమీద ఆమెన్ పడితే, అది మొక్కుబడి. జ్వరం తగ్గిన సంతోషంలో ఒకాయన సీలింగు ఫ్యాను ఇస్తానని నోరు జారాడు. ఆమెన్ పడింది. ఇంట్లో ఫ్యాను విప్పి తెచ్చి బిగించాడు. ఆయన మళ్ళీ జ్వరపడ్డా ఎవరూ దాన్ని వెనక్కి ఇవ్వలేదు.

బహుమతి అమ్మాయికే ఇచ్చారు. తెల్లారి పాలవాడు వెళ్ళాడో లేదో అన్నయ్య మా వీధి గుమ్మంలో ఉన్నాడు. ఆయన సంఘపెద్ద. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడంటే తమ్ముడి ఇంటికి కాదు, పని మీద వచ్చాడన్నమాట.

“ఏరా, కాఫీ తాగేవా?”

“తాగేను అన్నయ్యా. నీకు కలపమంటావా?”

“వద్దులే. రాత్రి బాగా మాట్లాడేవురా. నాకు కళ్ళంట నీళ్ళొచ్చేయి.”

“అమ్మాయి ఇంకా బాగా మాట్లాడింది.”

“అది పోటీకి మాట్లాడింది. నువ్వు మనసులోంచి మాట్లాడేవు. నేనైతే అదే చేస్తానన్నావు. ఆమెన్ పడింది.” అన్నయ్య అరుగు మీద కూర్చుని చేతి గడియారం సర్దుకున్నాడు. “నే అడగడం లేదు. సంఘపెద్దగా గుర్తు చేస్తున్నానంతే.”

లోపల గిన్నె కింద పడింది. పడలేదు, పడేయబడింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆ తేడా తెలుస్తుంది.

“నేను దేశాల గురించి చెప్పేను అన్నయ్యా.”

“దేశమంటే ఏవిట్రా, మనుషులే కదా. నువ్వే కదా కాలేజీలో చెప్పేవాడివి.”

చెప్పాను. నా మాటలే నా మీదికి వరసగా నడిచి వస్తున్నాయి. ‘మాటకి చెప్పానంతే, నిజానికి వదులుకోను’ అని ఒక్క ముక్క అంటే అయిపోయేది. ఆ ముక్క రాలేదు. రాత్రి చప్పట్లు కొట్టించుకున్న మనిషి పొద్దున్నే నాలిక మడతేస్తే ఊళ్ళో ఎలా తిరుగుతాడు? నాకు చేను కంటే ఉపన్యాసం ఎక్కువైపోయింది. అయితే సివిక్స్ చదివినవాణ్ణి కదా, ఒక షరతు పెట్టాను. ఏ వంతులోనైనా మొదట మా చేను తడవాలి, తరవాతే చెరువుకి. ఆ మాట అన్నయ్య ఇద్దరి ముందు చెప్పాలి. ఒకరు మా అయ్యగారు, ఇంకొకరు నీటిసంఘం ప్రెసిడెంటు గారు.

“దాందేవుందిరా, తప్పకుండా” అన్నాడు అన్నయ్య.

ఆ సాయంత్రమే ఆయన వసారాలో ఇద్దరి ముందూ చెప్పాడు. వదిన జంతికలు పెట్టింది. అయ్యగారు ప్రార్థన చేశారు. ప్రెసిడెంటు గారు “ఆయ్, మేవున్నాం కదండీ మధ్యలో” అన్నారు. నేను పలక అప్పజెప్పి, చేతులకంటిన తుప్పు తుడుచుకుంటూ ఇంటికి వచ్చాను. మా ఆవిడ అన్నం వడ్డించింది. కూర వడ్డించింది. చాలాసేపటికి అంది, “ఇంతకుముందు మీరు సలహా ఇచ్చిన దేశాలన్నీ బాగున్నాయాండీ?”

పదిహేను రోజులకి ఎండలు దంచేశాయి. మా చేను పొట్టమీద ఉంది. వరికి అది కడుపుతో ఉన్న మనిషి లాంటి దశ. అప్పుడు దాహం ఆపితే ఎన్ను బయటికి వస్తుంది గానీ లోపల గింజ ఉండదు. కిందటి వంతు నీళ్ళు మా శివారుకి వచ్చేసరికి సన్నగిల్లాయి, చేను నెర్రెలివ్వడం మొదలైంది. ఈ వంతు అందితే పంట, లేకపోతే గడ్డి. మా ఆవిడ ఆ మాట నాతో అనలేదు. రోజూ పొద్దున్నే వెళ్ళి ఒక కంకిపొట్ట చీల్చి చూసి, వచ్చి, ఏమీ చెప్పకుండా టీ పెట్టేది. ఆ ఏమీ చెప్పకపోవడం వినలేక నేను రేడియో పెట్టేవాణ్ణి.

వంతు వచ్చినరోజు పొద్దున్న ఇద్దరం గట్టు మీద ఉన్నాం. తూము తెరిచారు. బోదెలో నీళ్ళు ముందు నురగతో, ఎండుటాకులు తోసుకుంటూ వచ్చాయి. సిమెంటు గాడి దగ్గరికి వచ్చాయి. గాడి ఖాళీగా ఉంది. నీళ్ళు మా చేను పక్కనుంచే, మా మొహం చూడకుండా, కిందికి వెళ్ళిపోయాయి.

“పలక వేస్తారేమో, చూద్దాం” అన్నాను.

“చూస్తున్నాను” అంది.

ఎవరూ రాలేదు. అన్నయ్య ఫోను ఎత్తలేదు. నేను స్కూటరు తీశాను. అయ్యగారు ఇంటి దగ్గర మొక్కలకి నీళ్ళు పోస్తున్నారు. కుళాయి నీళ్ళే అయినా నాకు చూడబుద్ధి కాలేదు.

“అయ్యగారూ, మీరు మధ్యలో ఉన్నారు కదండీ.”

“ఉన్నానండి. ప్రార్థన చేస్తున్నానండి రోజూ, మీ ఇద్దరి కోసం.”

“ప్రార్థన కాదండీ, ఒక్కమాట ఆయనతో చెబితే...”

“సంఘపెద్ద కదండీ ఆయన. నేను ఎలా చెబుతానండి? మీరు విశ్వాసం మీద ఇచ్చేరు. విశ్వాసంతోనే ఉండాలండి.”

ప్రెసిడెంటు గారు పాకలో కూర్చుని కొబ్బరి దింపు చూసుకుంటున్నారు. నన్ను చూడగానే బోండాం కొట్టించారు. “మాస్టారూ, హామీ వేరండి, పూచీ వేరండి. ఆయన మాట ఇస్తుంటే మేం విన్నాం. సాక్షులవండి. పూచీ పళ్ళేదు కదండీ. రేపు నేనెళ్ళి పలక దించేననుకోండి, ఆయన నామీద పడతారు. అప్పుడు నాకెవరండీ పూచీ?”

బోండాం తాగి వచ్చాను. తాగకుండా వస్తే బాగుండేది. అమ్మాయి చెప్పిన ‘అయ్యో’ మాట దారంతా నా స్కూటరు వెనక సీటు మీదే కూర్చుంది.

నేను వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. వంతు సాయంత్రం దాకానే. మా ఆవిడ అన్నానికి కూడా వెళ్ళలేదు, గట్టు మీదే ఉంది. దుబ్బు విడదీసి మొదలు చూపించింది. దోమ పట్టింది, పైరు మొదట్లో రసం పీల్చే పురుగు. నీళ్ళు లేక వడిలిన చేను మీద అది రెండో దెబ్బ. “మందు తెప్పించి ఉంచేను. పాకలో ఉంది. నీళ్ళొస్తే రేపు కొట్టిద్దామనుకున్నాను. రాకపోతే కొట్టినా ఒకటే” అని, చెంగుతో మొహం తుడుచుకుని ఇంటివైపు నడిచింది. ఆవిడ ఏడవడం నేను చూడలేదు. వెనకనుంచి చూస్తే తెలియదు.

నేను పాకలోకి వెళ్ళి మందు డబ్బా తీసుకుని గాడి దగ్గరికి వచ్చాను.

ఎందుకు తీసుకున్నానో ఇప్పుడు రాస్తున్నప్పుడు కూడా నాకు సరిగ్గా తెలియదు. చేను మందు నేనెప్పుడూ ముట్టుకోలేదు. డబ్బా మీద పుర్రె బొమ్మ, ఎర్ర గుర్తు. కాళ్ళ ముందు బోదె, అందులో నీళ్ళు అన్నయ్య చెరువులోకి పరిగెడుతున్నాయి. చెరువులో నిలువెత్తు ఖర్చు పెట్టి పెంచిన చేపలు, పట్టుబడికి సిద్ధంగా ఉన్నాయి. డబ్బా ఒంపడానికి బలం అక్కర్లేదు, వంచితే చాలు. పలక ఇచ్చేసి చేతులు కడుక్కున్నానని, ఇక నా దగ్గర ఏ ఆయుధమూ లేదని నేను అనుకున్నాను. కానీ మీది చేను వాడి దగ్గర ఒక ఆయుధం ఎప్పుడూ ఉంటుంది. నీళ్ళు కిందికే పారతాయి. పలకది నీళ్ళు ఆపే బలం. ఇది ఆపేది కాదు.

మూత మీద నా చెయ్యి ఉంది. ఎంతసేపు ఉందో.

“బాబాయ్.”

చెరువు గట్టు మీదనుంచి అమ్మాయి. పరిగెత్తుకుని వచ్చినట్టుంది, చున్నీ ముళ్ళకి తగులుకుని చిరిగింది.

“ఏంటి బాబాయ్ అది?”

“దోమమందు.”

“దోమ చేలో ఉంటుంది కదండీ. బోదె దగ్గరేంటి?”

అది డబ్బా వైపు, నీళ్ళ వైపు చూసింది. ఎం.ఏ. చదివిన పిల్లకి అంతకంటే విడమరచి చెప్పక్కర్లేదు.

“తెల్లారగట్లనుంచి చేపలు పైకి తేలిపోతున్నాయి బాబాయ్. నోళ్ళు తెరుచుకుని. నాన్న పొద్దున్నించీ మెడలోతు నీళ్ళలోనే ఉన్నాడు. కొత్తనీళ్ళు పడకపోతే అన్నీ పోతాయని గాడి దగ్గరికి రాలేదు. మీకు మొహం చూపించలేక ఫోను ఎత్తలేదు.”

“మాకు చేను పోతోందమ్మా.”

“తెలుసు.” చున్నీకి అంటిన ముల్లు తీసి పారేసింది. “నేను ఆ రోజు మైకులో చెప్పింది పోటీకి చెప్పేను బాబాయ్. బాంబు ఉంచుకోవాలని.”

“నేనూ పోటీకే చెప్పేనమ్మా. వదులుకోవాలని.”

అది నవ్వలేదు. నేనూ నవ్వలేదు. అది వెనక్కి తిరిగి పరిగెత్తింది.

అన్నయ్య వచ్చాడు. బనీను తడిసి ఒంటికి అంటుకుపోయింది, లుంగీ నిండా నాచు. చేతిలో పలక. బోదెకి ఆయన అవతల, నేను ఇవతల. చిన్నప్పుడు ఇదే బోదెలో ఇద్దరం పరిగె చేపలు పట్టాం. ఆ సంగతి ఇద్దరికీ గుర్తొచ్చిందని చెబితే బాగుంటుంది గానీ, నాకైతే రాలేదు. ఆయన కళ్ళు నా మొహం మీద లేవు. డబ్బా మీద ఉన్నాయి.

“ఏరా, కొడతావా?”

“దోమ ఉంది కదన్నయ్యా.”

“మూత తీసేవా?”

“లేదు.”

“తీద్దామనే?”

తీయలేదన్నది నిజం. తీసేవాణ్ణి కాదన్నది నాకు తెలియదు. ఆయన నా జవాబు కోసం ఎదురుచూసినంతసేపూ నేనూ దానికోసమే ఎదురుచూశాను.

అన్నయ్య వంగి పలకని గాడిలో దించాడు. తుప్పు గాడిలో కీచుమని మోగింది. నీళ్ళు ఆగి, ఉబ్బి, తిరిగి మా చేలోకి ఎక్కడం మొదలుపెట్టాయి. నెర్రెల్లోకి దిగుతూ బుడబుడమని చప్పుడు. ఆయన నడుం పట్టుకుని లేచాడు.

“సగం నీకు, సగం నాకు. పొద్దుగూకేలోపు నేనొచ్చి తీస్తాను” అన్నాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. “ఆమెన్ పడ్డ మాటరా. తప్పేవు.”

పంట ముప్పాతిక వచ్చింది. గట్టు వారగా నీళ్ళు ఆలస్యంగా ఎక్కిన చోట తాలు. అన్నయ్య చేపలు కొన్ని పోయాయి, చాలావరకు బతికాయి. పలక అప్పట్నించి గాడిలోనే ఉంది. మా మంచం కిందా లేదు, ఆయన వసారాలోనూ లేదు. వేస్తే ఇద్దరం చూస్తుండగా వేస్తాం, తీస్తే ఇద్దరం చూస్తుండగా తీస్తాం. దీన్నిబట్టి చిన్న దేశం బాంబు వదులుకోవాలా అక్కర్లేదా అని నన్ను అడిగితే, వదులుకోవాలనే ఇప్పటికీ అంటాను. అయితే ఇదివరకులా గొంతు తగ్గించి అనను. నన్ను బాధపెట్టేది పలక ఇచ్చేయడం కాదు. అది ఇచ్చేసిన చెయ్యి మరో దాన్ని అంత తొందరగా ఎలా వెతుక్కుందా అని. మా ఆవిడకి చెబితే, “మీకు మూత తీయడం చేతకాదులెండి. మనింట్లో పచ్చడి జాడీలు ఎవరు తీస్తారు?” అంది. ఓదార్పే అనుకుంటాను.

ఊళ్ళో కథ మరోలా పాకింది. అన్నయ్య ఎవరితోనూ అబద్ధం చెప్పలేదు. ‘మావాడు మందు డబ్బా పట్టుకుని నిలబడ్డాడు’ అన్నాడు, అంతే. మిగతాది ఊరు పూర్తి చేసింది. శాంతి గురించి ఉపన్యాసం ఇచ్చినవాణ్ణి బాంబు మాస్టారునైపోయాను. రాజోలు సెంటర్లో ఆటో ఎక్కితే, “బాంబు మాస్టారూ, ముందు సీట్లో కూర్చోండి, వెనక గ్యాసుంది” అంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. నవ్వకపోతే పేలతాననుకుంటారని.

దాళ్వా కోతలయ్యాక చర్చిలో కోతపండగ. ఎవరికి పండింది వాళ్ళు తెస్తారు. అరటిగెలలు, కొబ్బరికాయలు, గుమ్మడికాయలు, కోళ్ళు. ఆరాధన అయ్యాక అన్నీ ఆవరణలో వేలం వేస్తారు. వచ్చింది సంఘానికి. మా చర్చిలో రెండు రకాల పాటలుంటాయి. లోపల పాడే పాటకి గొంతు కావాలి, బయట పాడే పాటకి గుండె కావాలి. ఆ రోజు వేలంపాట నడిపించింది మా అమ్మాయే.

మా ఆవిడ కొత్తబియ్యం బుట్ట తెచ్చింది. మిగిలిన పంటలోంచి ఏరి, తనే చెరిగి, పైన చేమంతులు పెట్టి. పాట మొదలవగానే అన్నయ్య లేచి, అందరికీ వినబడేలా అన్నాడు. “ముందు వాసన చూడండమ్మా. మందు వాసనొస్తుందేమో.”

ఆవరణంతా నవ్వింది. ఒకాయన బుట్ట మీద వంగి వాసన చూసినట్టు నటించాడు కూడా. పాట లేవలేదు. బుట్ట చవగ్గా అన్నయ్యకే పోయింది. మా ఆవిడ కొబ్బరాకుల పందిరి కింద నిలబడి, తన బుట్ట వంక చూస్తూ, చేమంతి రేకొకటి కింద పడితే తీసి మళ్ళీ పైన పెట్టింది. నామీద పేలిన జోకులన్నీ నేను మింగేశాను. ఇది గొంతులో ఆగింది.

తరవాత వచ్చింది అన్నయ్య కానుక. చెరువులోకెల్లా పెద్ద బొచ్చెచేప. ఇద్దరు పట్టుకొచ్చి బల్ల మీద పెడితే తోక బల్ల దాటి వేలాడింది. తన చేప తక్కువకి పోకుండా ఇచ్చినవాడే మొదటి పాట పాడటం పెద్దలకి అలవాటు. అన్నయ్య పాడాడు.

నేను చెయ్యెత్తాను.

జనం తిరిగి చూశారు. అన్నయ్యా చూశాడు. కొంచెం పెంచాడు. నేనూ పెంచాను. ఎవరో ఈల వేశారు. మా ఆవిడ నా వైపు చూసింది. నేను చూడలేదు, చూస్తే ఆగిపోతాను. అన్నయ్య కండువా సర్దుకుని మళ్ళీ పెంచాడు. ఆయన పెంచినకొద్దీ నేను, నేను పెంచినకొద్దీ ఆయన. ఇద్దరిలో ఎవరికీ ఆ చేప అక్కర్లేదు. తమ్ముడు పాడిన పాట కింద సంఘపెద్ద పాట ఉండకూడదు, అంతే. అయ్యగారు కళ్ళు తెరిచి ఉన్నారు. అమ్మాయి మైకు పట్టుకుని ఒకసారి నన్నూ ఒకసారి వాళ్ళ నాన్ననీ చూస్తూ, పెదవులు బిగబట్టింది. దానికి అర్థమైంది. అర్థమైనట్టు కనబడకూడదని కూడా అర్థమైంది.

అన్నయ్య ఇంకో పాట పాడాడు. ఆ చెరువులోని చేపలన్నిటికీ కలిపినా ఎవరూ పాడని పాట. అందరి తలలూ నా వైపు తిరిగాయి.

నేను రెండు చేతులూ పైకెత్తి, ఖాళీగా ఉన్నాయని అందరికీ చూపించి, “నాకొద్దమ్మా. వదులుకున్నాను” అన్నాను.

అమ్మాయి మైకులో ఒకటోసారి అంది. రెండోసారి అంది. మూడోసారి మాత్రం వాళ్ళ నాన్న మొహం చూడకుండా, తెరిపిగా, ఎంతో సాగదీసి అంది. అన్నయ్య వెళ్ళి, తను తెచ్చిన చేపని తనే రెండు చేతులా ఎత్తుకుని, గేటు వైపు నడిచాడు. తోక మోకాళ్ళకి కొట్టుకుంటోంది.

కొబ్బరాకుల పందిరి కింద మా ఆవిడ పక్కకి జరిగి దారి ఇచ్చింది. చెంగు భుజం మీదికి కప్పుకుని, ఎప్పుడూ మాట్లాడే గౌరవంతోనే అడిగింది.

“బావగారూ, పులుసా అండీ, ఇగురా?”